ఒకే గదిలో మూడు తరగతులు: లోపం గదిలో ఉందా, ప్రణాళికలో ఉందా?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరుచుకొనే వేళకు పావగడ తాలూకా పల్లెలలో తల్లిదండ్రుల మధ్య ఏటా ఒకే చర్చ నడుస్తుంది. "మన ఊరి బడిలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెడతారు. ఎవరికి ఏ పాఠం చెబుతారు? అదీ ఒక చదువేనా?" అన్నదే ఆ చర్చ సారాంశం. ఈ సందేహంతోనే కొందరు తమ బిడ్డలను పట్టణంలోని ప్రైవేటు పాఠశాలల వ్యానులు ఎక్కిస్తున్నారు. మరికొందరు సరిహద్దు దాటించి మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు బంధువుల ఇండ్లలో ఉంచి చదివిస్తున్నారు. పిల్లల సంఖ్య తగ్గితే ఉపాధ్యాయుల సంఖ్య తగ్గుతుంది. ఉపాధ్యాయులు తగ్గితే మరిన్ని తరగతులు ఒకే గదిలో చేరుతాయి. అది చూసి మరికొందరు తల్లిదండ్రులు బదిలీ పత్రాలు అడుగుతారు. ఈ వలయం చివరకు ఊరి బడి తలుపులకు తాళం వేయించడంతో ముగుస్తుంది.

కనుక ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. తల్లిదండ్రుల ఆందోళన సహేతుకమైనదే. అయితే ఆ ఆందోళన వేలెత్తి చూపుతున్న దిక్కు మాత్రం సరియైనది కాదు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి కూర్చోవడం వల్ల చదువు చెడదు. వారి కోసం ఏడాది మొత్తానికి ఒక ప్రణాళిక లేకపోవడం వల్ల చెడుతుంది. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని సరిహద్దు గ్రామాల కుటుంబాలు గ్రహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

చట్టంలోనే ఉన్న లెక్క

మిశ్రమ తరగతులు మన తాలూకాకు మాత్రమే పట్టిన దురవస్థ అని చాలామంది భావిస్తున్నారు. వాస్తవం వేరు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం అనుబంధంలోనే ఈ లెక్క ఉన్నది. ఒకటి నుండి అయిదు తరగతుల వరకు గల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు ఉండాలని ఆ చట్టం చెబుతున్నది. అనగా 40 మంది పిల్లలున్న ఊరి బడికి దేశంలో ఎక్కడైనా ఇద్దరే ఉపాధ్యాయులు. ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులను నడపాలంటే తరగతులను కలపక తప్పదు. చిన్న బడి అంటేనే మిశ్రమ తరగతి అని చట్టమే పరోక్షంగా అంగీకరించినట్లయింది.

అదే చట్టం ప్రకారం ఒకటి నుండి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అనగా సగటున రోజుకు నాలుగు గంటలు. ఇప్పుడు ఒక చిన్న గణితం చేద్దాం. అయిదు తరగతులు, తరగతికి నాలుగు విషయాలు: కన్నడం, ఆంగ్లం, గణితం, పరిసర అధ్యయనం. ప్రతి తరగతికి ప్రతి విషయాన్నీ వేరుగా బోధించాలంటే రోజుకు 20 పాఠాలు. ఇద్దరు ఉపాధ్యాయుల సమయం కలిపితే రోజుకు 480 నిమిషాలు. పాఠానికి వచ్చేది 24 నిమిషాలే. ఒక పిల్లవాడికి ఉపాధ్యాయుని దృష్టి దక్కేది నాలుగు పాఠాలకు కలిపి 96 నిమిషాలు. మిగిలిన 144 నిమిషాలు ఆ బిడ్డ ఏం చేయాలి? ప్రణాళిక లేని బడిలో ఆ సమయమంతా నల్లబల్ల మీది అక్షరాలను పలకకు ఎక్కించడంతోనే గడుస్తుంది. తల్లిదండ్రులు చూసి బెంగపడుతున్నది ఈ 144 నిమిషాలనే. నిజానికి మిశ్రమ తరగతి ప్రణాళిక అంటే ఈ 144 నిమిషాలకు పని కల్పించడమే.

మదనపల్లె నుండి వచ్చిన మార్గం

కర్ణాటకలో ఈ సమస్యకు ప్రభుత్వం ఎన్నుకున్న పరిష్కారం 'నలి-కలి'. కన్నడంలో నలి అంటే ఆనందించు, కలి అంటే నేర్చుకో. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో యునిసెఫ్ సహకారంతో ఇది మొదలయింది. 2009-10 నుండి రాష్ట్రమంతటా ప్రభుత్వ కన్నడ పాఠశాలల ఒకటి, రెండు తరగతులకు విస్తరించింది. తరువాత మూడవ తరగతి కూడా చేరింది.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి కలదు. ఈ పద్ధతికి పుట్టినిల్లు తెలుగు నేలయే. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం తెలుగులో అభ్యాస కార్డులను, నేర్చుకొనే మెట్లను రూపొందించారు. హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు అక్కడికి వెళ్లి ఆ పద్ధతిని చూసి, దానిని కన్నడానికి అనువుగా మలచుకున్నారు. 2003లో చెన్నై నగర పాలక సంస్థ పాఠశాలలలో ఆరంభమైన కృత్యాధార విద్యకు కూడా ప్రేరణ అదే. తెలుగు పల్లె పిల్లల కోసం తయారైన పద్ధతి మైసూరు మీదుగా కన్నడ రూపంలో మన ఊరి బడికి చేరింది. దీనిని మనకు సంబంధం లేని ప్రయోగమని తోసిపుచ్చడానికి వీలులేదు.

పద్ధతి ఇట్లుంటుంది. ఏడాది పాఠాన్ని అధ్యాయాలుగా గాక, మైలురాళ్లుగా విభజిస్తారు. ఒక్కొక్క మైలురాయిలో చిన్న చిన్న మెట్లు. ప్రతి మెట్టుకు ఒక కార్డు. పిల్లలు తరగతిని బట్టి గాక, చేరుకున్న మెట్టును బట్టి గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు ఉపాధ్యాయుని పూర్తి సహాయం, మరొక గుంపుకు కొంత సహాయం. ఒక గుంపు తోటి పిల్లల సహాయంతో, ఇంకొకటి స్వయంగా పని చేసుకొంటుంది. ఈ గుంపులను కన్నడంలో 'తట్టె'లని పిలుస్తారు. పిల్లవాడు ఒక వారం బడికి రాకపోతే తిరిగి వచ్చిన రోజున తాను ఆగిన మెట్టు నుండే సాగుతాడు. కొలంబియా దేశపు కొండ పల్లెలలో 1970ల నడిమి నుండి నడుస్తున్న 'ఎస్క్వేలా నువేవా' బడులలోనూ ఇదే సూత్రం. అక్కడ పంట పనుల కాలంలో వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చి ఆగిన చోటు నుండే చదువుకొంటారు. వేరుశనగ పీకే రోజులలో మన బడులలో హాజరు ఎట్లుంటుందో తెలిసినవారికి ఈ సూత్రం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఎల్లకు ఆవల ఏం జరిగింది?

పావగడకు మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్ ఉన్నది. అక్కడి బంధువుల పిల్లల చదువుతో మన పిల్లల చదువును పోల్చి చూడడం సహజం. అక్కడ 2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ఉత్తర్వు మరొక మార్గాన్ని ఎన్నుకున్నది. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను కిలోమీటరు లోపున ఉన్న ఉన్నత పాఠశాలలకు పంపే విధానమది. గదులు కలపడానికి బదులు పిల్లలనే కదిలించారన్నమాట. తీవ్ర విమర్శల తరువాత 2025 మే నెలలో ఆ ఉత్తర్వును రద్దు చేసి, తరగతికొక ఉపాధ్యాయుడుండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల విధానం తెచ్చారు. అక్కడ కూడా పిల్లల సంఖ్య స్వల్పంగా ఉన్న ఊళ్లలో మిశ్రమ తరగతి తప్పలేదు. ఎల్ల దాటినంత మాత్రాన ఈ సమస్య తీరదన్నది దీనినుండి గ్రహించదగిన పాఠం.

800 గంటలను ఎట్లు పంచాలి?

ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో ఒకరు ఒకటి నుండి మూడు తరగతులను, మరొకరు నాలుగు, అయిదు తరగతులను చూసుకోవడం సాధారణ ఏర్పాటు. మొదటి గది ఏడాది ప్రణాళిక ఎట్లుండవచ్చునో చూద్దాం. కనీసపు 800 గంటలలో కన్నడానికి 300, గణితానికి 200, పరిసర అధ్యయనానికి 120, ఆంగ్లానికి 80, కథలు, పాటలు, చిత్రలేఖనం, ఆటలకు 100 గంటలు కేటాయించవచ్చును. రోజువారీ సగటున ఇది కన్నడానికి గంటన్నర, గణితానికి గంట, పరిసరానికి 36 నిమిషాలు, ఆంగ్లానికి 24 నిమిషాలు, కథకు ఆటకు అరగంట అవుతుంది.

ఇక్కడ ఒక ముఖ్య విభజన అవసరం. భాష, గణితం మెట్ల చదువులు. కూడిక రాని బిడ్డకు గుణకారం చెప్పి ప్రయోజనం లేదు. కనుక వీటిలో ఎవరి మెట్టు వారిదే కావాలి. పరిసరం, కథ, పాట, చిత్రం మెట్ల చదువులు కావు. వీటిని గదిలోని పిల్లలందరికీ కలిపి చెప్పవచ్చును, చెప్పాలి కూడా. అన్ని విషయాలనూ మెట్లుగా చేస్తే గది ముక్కలవుతుంది. అన్ని విషయాలనూ కలిపి చెబితే చిన్నవారు వెనుకబడతారు, పెద్దవారు విసుగు చెందుతారు. ఏది విడిగా, ఏది కలిపి అన్న నిర్ణయం జూన్ నెలలోనే జరగాలి. పరిసరాన్ని రోజుకు 36 నిమిషాలుగా తుంచడం కంటె వారంలో మూడు రోజులు గంట చొప్పున ఉంచడం మేలు. పొలానికో చెరువుకో వెళ్లి రావడానికి వీలు చిక్కుతుంది.

ఒకే అంశం, అయిదు మెట్లు

కలిపి చెప్పడం అంటే అందరికీ ఒకే పని ఇవ్వడం కాదు. వేరుశనగనే తీసుకోండి. ఒకటవ తరగతి బిడ్డ కాయలను పదేసి కుప్పలుగా పెట్టి లెక్కిస్తుంది. రెండవ తరగతి పది కాయలు ఒలిచి ఎన్ని విత్తనాలు వచ్చాయో చెబుతుంది. మూడవ తరగతి తక్కెడలో తూచి కాయ బరువు, పప్పు బరువు రాస్తుంది. నాలుగవ తరగతి మూట ధరను బట్టి కిలో ధర కడుతుంది. అయిదవ తరగతి చెట్టు వేళ్ల మీది బుడిపెలను పరిశీలించి, అవి గాలిలోని నత్రజనిని నేలకు ఎట్లు అందిస్తాయో కన్నడంలో పది వాక్యాలు రాస్తుంది. అంశం ఒకటే, పని అయిదు విధాలు.

తిరుమణి ప్రాంతపు సౌర విద్యుత్ క్షేత్రం కూడా అట్టిదే. అయిదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సామర్థ్యంతో అది నెలకొన్నది. భూములు అమ్మకుండా కౌలుకిచ్చిన రైతులకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం. మూడెకరాల కౌలు ఎంత అన్నది నాలుగవ తరగతి లెక్క: 63,000 రూపాయలు. 5 శాతం పెరిగితే ఎకరాకు ఎంత అన్నది అయిదవ తరగతి లెక్క: 22,050 రూపాయలు. తండ్రి చేతికి వచ్చే సొమ్మును బిడ్డ లెక్కగట్టగలిగిన నాడు బడి విలువ ఇంటికి తెలుస్తుంది.

ఉత్తర పినాకిని మరొక అంశం. నంది కొండలలో పుట్టి, హిందూపురం ప్రాంతం దాటి, మన నాగలమడికె మీదుగా తిరిగి ఆంధ్రలోకి సాగి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే 597 కిలోమీటర్ల నది అది. చిన్నవారికి బొమ్మ, పెద్దవారికి పటం. రెండు రాష్ట్రాల ఎల్లలను పలుమార్లు దాటే ఆ నదిని మించిన పరిసర పాఠం సరిహద్దు పిల్లలకు వేరొకటి దొరకదు.

ఇంటి మాట, బడి మాట

మన తాలూకా ప్రణాళికలో తుమకూరు వైపు బడులకు అవసరం లేని ఒక అంశం చేరాలి. మన పిల్లలలో అనేకులు ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదువుతారు. నలి-కలి మొదటి కార్డు మీది బొమ్మను చూసి బిడ్డ "పులి" అంటుంది. కార్డు మీద "హులి" అని ఉంటుంది. బిడ్డకు వస్తువు తెలుసు, మాట తెలియదు. దానిని మందబుద్ధిగా ఎంచితే ఆ బిడ్డకు తీరని అన్యాయం చేసినట్లే.

తెలుగులో పకారంతో మొదలయ్యే అనేక పదాలు కన్నడంలో హకారంతో మొదలవుతాయి. పాలు హాలు, పువ్వు హూవు, పొగ హొగె, పగలు హగలు. ఈ సూత్రం పట్టుబడితే ఆటగా పదుల కొలది మాటలు వస్తాయి. అయితే అన్ని చోట్లా ఇది చెల్లదు. పని అన్న మాటను హని అంటే కన్నడంలో నీటి చుక్క అని అర్థం. పనికి కన్నడంలో కెలస. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెప్పడానికి రెండు భాషలు తెలిసిన ఉపాధ్యాయుడు కావాలి. కనుక ఒకటవ తరగతికి జూన్, జూలై నెలలలో కన్నడపు గంటన్నరలో కనీసం అరగంట మాటల పనికే ఉంచాలి. తెలుగులో కథ చెప్పి, అదే కథను కన్నడంలో తిరిగి చెప్పించాలి. అక్షరాల తొందర అప్పుడు వద్దు.

తెలుగు లిపి నేర్పాలని కోరే తల్లిదండ్రులకు ఒక మనవి. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. అక్షరాలు పోలి ఉండుటవలన ఒకేసారి నేర్పితే తలకట్టు దగ్గరే బిడ్డ తికమకపడుతుంది. కన్నడ పఠనం స్థిరపడిన తరువాత, మూడవ తరగతిలో తెలుగు లిపి మొదలుపెడితే త్వరగా వస్తుంది.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. 2025 ఆగస్టులో సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన గల రాష్ట్ర విద్యా విధాన ఆయోగం కూడా అయిదవ తరగతి వరకు కన్నడం లేదా మాతృభాషలో బోధన ఉండాలని సిఫారసు చేసింది. సిఫారసులు ఎప్పటికి అమలవుతాయో వేచి చూడవలసిందే. ఉదయపు అరగంట తెలుగు కథకు మాత్రం ఏ ఉత్తర్వూ అక్కరలేదు.

పోయే రోజులకూ చోటు ఉండాలి

కాగితం మీది ప్రణాళిక సెప్టెంబరు దాటేసరికి తలకిందులు కావడం మనకు అనుభవమే. 2025లో రాష్ట్ర ప్రభుత్వం జరిపిన సామాజిక, విద్యా సమీక్షకు ఉపాధ్యాయులనే నియోగించారు. ఆ పని పూర్తికానందున ప్రభుత్వ, అనుదానిత పాఠశాలల దసరా సెలవులను అక్టోబరు 18 వరకు పొడిగించారు. 2027 జనగణన భారంలోనూ పెద్ద పాలు ఉపాధ్యాయులదే. ఇద్దరున్న బడిలో ఒకరు బయటి పనికి వెళితే ఆనాడు అది ఏకోపాధ్యాయ బడి అవుతుంది.

అందువలన 200 రోజులకు 200 రోజుల కొత్త పాఠం రాసుకోవడం అవివేకం. కొత్త పాఠాన్ని 170 రోజులకు సరిపెట్టి, 30 రోజులను పునశ్చరణకు, పోయిన రోజుల పూరణకు ఉంచాలి. దసరా తరువాత పంట కోతల వారాలలో కొత్త మైలురాయి ప్రారంభించక, పాత మెట్లను గట్టిపరచాలి. జనవరి నుండి మార్చి వరకు ఉన్న నిలకడైన కాలాన్ని కష్టమైన మెట్లకు కేటాయించాలి. వయసు భేదాన్ని కూడా లెక్కించాలి. 2025-26లో ఒకటవ తరగతి ప్రవేశ వయసును 5 సంవత్సరాల 5 నెలలకు సడలించారు. దానితో ఒకే తరగతిలో సైతం ఏడాదికి మించిన ఎడం ఉన్న పిల్లలు చేరారు.

లోపాలు లేవా?

ఉన్నవి. వాటిని దాచి పద్ధతిని పొగడడం నిజాయితీ కాదు. కార్డులు చిరిగితే మెట్టు తెగిపోతుంది. గుంపులో కూర్చున్న పిల్లవాడు పని చేస్తున్నాడో, ఊరక కూర్చున్నాడో చూసుకోకపోతే స్వయం అభ్యాసం స్వయం కాలక్షేపం అవుతుంది. కార్డులకు అలవాటుపడిన బిడ్డ నాలుగవ తరగతిలో ఒక్కసారిగా పాఠ్యపుస్తకం ఎదుట తడబడుతుంది. కనుక మూడవ తరగతి చివరి మూడు నెలలలో వారానికి రెండు రోజులైనా పుస్తకం చదివించడం ప్రణాళికలో భాగం కావాలి. ఇంటికి పుస్తకం, ఇంటి పని రాకపోవడం చూసి తల్లిదండ్రులు చదువే లేదనుకోవడానికి కారణం, బడి వారికి విషయం వివరించకపోవడమే. ఈ లోపం ఉపాధ్యాయ వర్గానిది.

తల్లిదండ్రులు అడగవలసినవి

ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఎస్.డి.ఎం.సి. ఉన్నది. దాని సమావేశాలలో గోడలు, నీటి కుళాయి, బిసియూట గురించి మాట్లాడుతున్నాం. అవసరమే. వాటితో పాటు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ ఏడాది ప్రణాళిక రాసి ఉన్నదా, గోడకు అంటించారా? నా బిడ్డ భాషలో ఏ మెట్టు మీద, గణితంలో ఏ మెట్టు మీద ఉన్నది? ఉపాధ్యాయుడు మరొక గుంపుతో ఉన్నప్పుడు నా బిడ్డ చేతిలో ఏ పని ఉంటుంది? ఒక ఉపాధ్యాయుడు బయటి పనికి వెళ్లిన రోజున ఏ ఏర్పాటు?

"నా బిడ్డ ఏ తరగతి?" అన్న ప్రశ్న కంటె "నా బిడ్డ ఏ మెట్టు?" అన్న ప్రశ్న బలమైనది. దానికి సూటిగా సమాధానం చెప్పగల బడిలో మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నా భయపడనక్కరలేదు. చెప్పలేని బడిలో తరగతికొక గది ఉన్నా, గడప ముందు వ్యాను నిలిచినా ఒరిగేదేమీ లేదు. బదిలీ పత్రం అడగడానికి ముందు ఏడాది ప్రణాళిక అడగండి. ఉంటే దానికి తోడుగా నిలవండి, లేకుంటే రాయించండి. ఊరి బడి నిలబడడానికి అంతకంటె దగ్గరి దారి లేదు.